కుట్టులోకి పోయిన కోట్ల ఏళ్లు

రాళ్ల గది,
సోమవారం మధ్యాహ్నం

అక్కా,

కవరు లావు చూసి ఎవరో పోయారనుకుంటావు. ఎవరూ పోలేదు. పోయేలా ఉన్నది నా గది. అందుకే రాస్తున్నాను.

తొమ్మిదేళ్లుగా ఏడాదికొక కార్డు మీద "క్షేమం" అని రాసి చేతులు దులుపుకున్న చెల్లెలు, పని పడేసరికి పేజీలకు పేజీలు రాస్తోందేమిటని నువ్వు అనేలోపే నేనే అనేసుకుంటున్నాను. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ ఫోన్లో మనిద్దరికీ మూడో నిమిషానికల్లా గొడవ మొదలవుతుంది. ఉత్తరమైతే నువ్వు చించేలోపు కనీసం నా మాట పూర్తవుతుంది.

మా మ్యూజియంలో కింది అంతస్తు చివరి గది నాది. రాళ్లు, శిలాజాలు, నేను. వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది మరుగుదొడ్డి ఎటు అని అడగడానికే వస్తారు. దారి చెప్పే నెపంతో ఒక్కొక్కరికీ ఒక్కో శిలాజం చూపించి పంపుతుంటాను. పాపం, వాళ్ల తొందర వాళ్లది. ఇరవై కోట్ల ఏళ్ల నాటి చేప అంటే "అలాగా" అని పరిగెత్తుతారు.

ఇప్పుడు కమిటీ వాళ్లు ఈ గదిని పై హాలు కుర్చీలు పెట్టుకోవడానికి తీసుకుంటామంటున్నారు. మా పెద్దసారు బతిమాలితే మూడు నెలలు గడువిచ్చారు. ఆలోపు జనం నిలబడి చూసేదేదైనా ఇక్కడ పెట్టగలిగితే గది ఉంటుంది. లేకపోతే రాళ్లు పెట్టెల్లోకి, నేను టికెట్ల కిటికీలోకి.

నా ఆలోచన ఇది. గది నాలుగు గోడలూ, తలుపు మీదుగా కలిపి కొలిస్తే సరిగ్గా నలభై ఆరు మీటర్లు. భూమి వయసు, లెక్క సులువు కోసం, నాలుగు వందల అరవై కోట్ల ఏళ్లు. అంటే మీటరుకు పది కోట్లు, సెంటీమీటరుకు పది లక్షలు. నువ్వైతే ఇది దైవసంకల్పం అంటావు. నేను మేస్త్రీ చలవ అంటాను. గది చుట్టూ ఒకే గుడ్డ కట్టి, భూమి పుట్టిన దగ్గర్నుంచి ఈ రోజు దాకా దాని మీద కుట్టించాలని. రంగులు వేయిద్దామంటే ఈ గోడల చెమ్మకు పెచ్చులూడిపోతాయి.

ఇంత పొడుగు గుడ్డ ఓపిగ్గా కుట్టేవాళ్లు నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. ఆవిడకు నా మీద కోపం ఉండొచ్చు. నాకూ ఆవిడ మీద ఉంది. ఆ రోజు జరిగింది ఇప్పుడు తవ్వను. తవ్వడం నా ఉద్యోగమే అయినా.

కుడతావా?

చిన్ని


కుట్టు గది,
గురువారం ఉదయం

చిన్నీ,

ఉత్తరం అందింది. చించలేదు. రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్లజోడు పెట్టుకుని.

కుడతాను.

ఈ నెల తెరలూ దిండు గలీబులే ఉన్నాయి. బడి యూనిఫారాల పని పడేలోపు నీది అయిపోతుంది. కొలతలు, బొమ్మలు పంపు. నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను.

నా దగ్గర బొత్తాలు కుట్టే ఆవిడ ఒకరున్నారు, నా ఈడే. నాలుగు వందల అరవై కోట్లంటే ఎన్ని సున్నాలని అడిగాను. "అంత మందికి చొక్కాలు కుట్టాలా అక్కగారూ?" అని కళ్లు తేలేసింది. ఏళ్లమ్మా అన్నాను. "అయితే నయం, కొలతలు తీసుకోనక్కర్లేదు" అంది.

నీ గది కోసం ప్రార్థన చేశాను. దేవుడికి ఆ పక్కనున్న మరుగుదొడ్డి సంగతి చెప్పలేదు.

అక్క


రాళ్ల గది,
మంగళవారం

అక్కా,

నీ ఉత్తరం తీసుకెళ్లి పెద్దసారుకు చూపించాను. మరుగుదొడ్డి మాట దగ్గర ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గు నటించారు.

బొమ్మల కాగితాలు వేరే చుట్టలో పంపుతున్నాను. మొదటి తొమ్మిది మీటర్లలో ప్రాణమన్నది లేదు. మొదట్లో కరిగిన రాయి, తర్వాత వేడి నీళ్లు. ఎరుపుతో మొదలుపెట్టి నెమ్మదిగా బూడిదరంగులోకి తీసుకురా. తొమ్మిదో మీటరు దాటాక ఆకుపచ్చ దారంతో చిన్న చిన్న ముళ్లు వెయ్యి. అవి కంటికి కనబడని జీవాలు. ఇరవై రెండో మీటరు దగ్గర తుప్పు రంగు రావాలి. ఆ జీవాలు వదిలిన ప్రాణవాయువుకు సముద్రంలో ఉన్న ఇనుమంతా తుప్పు పట్టింది మరి. అక్కడి నుంచి చాలా దూరం చెప్పుకోదగ్గది ఏమీ జరగదు. మావాళ్లే ఆ కాలానికి విసుగు పుట్టించే కాలమని పేరు పెట్టారు. నా ముప్పైల లాంటిదన్నమాట.

నలభై మీటర్లు దాటాక, ఇక చివరి అయిదున్నర మీటర్లలోనే సందడంతా. మూడు పాయల వీపున్న సముద్రపు పురుగులు, చేపలు, నేల మీదికి ఎక్కిన మొక్కలు, తూనీగలు. చివరి నుంచి రెండున్నర మీటర్ల దగ్గర ఒక నల్ల పట్టీ. అప్పుడు భూమ్మీద ఉన్న వాటిలో చాలా భాగం చచ్చిపోయాయి. తర్వాత రాక్షసబల్లులు. అవి చివరికి అరవై ఆరు సెంటీమీటర్లు ఉందనగా అయిపోతాయి. మనుషులం చివరి మూడు మిల్లీమీటర్లు. ఒక్క కుట్టు. అందుకని ఆ అంచు మడవకు. మడిస్తే మనందరం లోపలికి పోతాం. సన్నదారంతో అల్లి వదిలెయ్యి.

ఇక ముఖ్యమైన మాట. నలభై ఆరు ముక్కలు. ఒక్కో ముక్క సరిగ్గా మీటరు కత్తిరించు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. నీకు బట్టలకు అటో వేలు ఇటో వేలు వదిలే అలవాటు ఉంది, ఇక్కడ అది కుదరదు. నాకు వేలెడంటే ఇరవై లక్షల ఏళ్లు. ముక్క మీద బొమ్మలు ముందే కుట్టేసి, తర్వాత వరసగా కలిపెయ్యి. గోడ మీద మీటరుకొక ఇత్తడి అంకె నేను కొట్టించేశాను. గుడ్డ తెచ్చి వాటి పైన వేలాడదీయడమే. కొలతల సంగతి నాకు వదిలెయ్యి. దయచేసి.

చిన్ని


కుట్టు గది,
శుక్రవారం ఉదయం

చిన్నీ,

ముక్కలు కత్తిరించాను. సరిగ్గా మీటరు. నువ్వు చెప్పినట్టే.

మొదటి తొమ్మిదీ అయ్యాయి. ఎరుపు దారం చాలానే పట్టింది. పదో దాని మీద మొదటి పచ్చ ముడి వేసేటప్పుడు చేతులు కడుక్కుని, దణ్ణం పెట్టుకుని కూర్చున్నాను. నవ్వకు. ఎవరిదైనా పురుడు పోసేటప్పుడు చేతులు కడుక్కుంటారు కదా.

నీకొక మాట రాయాలి. నీ చదువు మొదలైన రోజుల్లో, నువ్వు ఈ కోట్ల కోట్ల ఏళ్ల మాటలు చెబితే నేను చెవులు మూసుకునేదాన్ని. నా దేవుణ్ని నువ్వు సన్నం చేస్తున్నావని. ఇప్పుడు ముక్క తర్వాత ముక్క పచ్చ ముళ్లు తప్ప ఏమీ లేకుండా కుడుతుంటే నాకు తెలిసింది. ఆయనకు తొందర లేదని ఎప్పుడూ చెబుతుండేదాన్ని. ఇంత తొందర లేదని తెలియదు. మూడు వందల కోట్ల ఏళ్లు ఒట్టి నాచుతో ఓపిక పట్టినవాడి పేరు చెప్పుకునే నేను, నువ్వు తల దువ్వుకోవడం అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఓపిక పట్టేదాన్ని కాదు.

బొత్తాలావిడకు పువ్వులు చివరి మీటరున్నరలో గాని రావని తెలిసి కోపమొచ్చింది. "అంతకాలం పువ్వు లేకుండా ఎట్లా ఉన్నారు?" అని అడుగుతుంది. ఉండటానికి ఎవరూ లేరన్నాను. "అయినా సరే" అంది. రాక్షసబల్లులకు బొత్తాలు కళ్లుగా పెడదామంది. నువ్వు ఒప్పుకుంటేనే.

అక్క


రాళ్ల గది,
బుధవారం

అక్కా,

బొత్తాలకు ఒప్పుకున్నాను. నల్లవి, రెండు కన్నాలవి అయితే మరీ బాగుంటుంది. ఆవిడకు చెప్పు, భూచరిత్రలో ఆవిడ చెయ్యి పడిందని.

నీ ఉత్తరం నేను చాలాసార్లు చదివాను. రాళ్ల గురించైతే పేజీలు నింపేస్తాను. నీ గురించి ఒక వాక్యం రాయమంటే కలం కొరుక్కుంటూ కూర్చుంటాను. చదువుకున్నదాన్ని మరి.

ఒకటి మాత్రం అడుగుతాను. నువ్వు ఇంత మెత్తగా ఎప్పుడు మారావు? ఇంతవరకూ నా బొమ్మల్లో ఒక్క తప్పు పట్టలేదు. తూనీగకు రెక్కలు ఎక్కువయ్యాయని కూడా అనలేదు. నాకు భయంగా ఉంది. ఒంట్లో బాగానే ఉందా?

కమిటీ వచ్చే నెల పద్దెనిమిదిన వస్తుంది. అందులో ఒకాయన జేబులో ఎప్పుడూ కొలత టేపు పెట్టుకుని తిరుగుతాడు. మేమంతా టేపు సారు అంటాం. కిందటేడు మా మెట్లు ఒకదానికొకటి సమానంగా లేవని నోటీసు ఇచ్చాడు. ఆయన మెచ్చితే మిగతావాళ్లు నోరెత్తరు. గుడ్డ ఎనిమిదో తారీకులోపు పంపగలవా?

చిన్ని


కుట్టు గది,
ఆరో తారీకు

చిన్నీ,

నలభై ఆరు ముక్కలూ కలిపాను. నలభై అయిదు కుట్లు. చుట్టి, పాత దుప్పటిలో కట్టి పార్సిల్ బండిలో వేయించాను.

ఒంట్లో బాగానే ఉంది.

కలిపేటప్పుడు నీకు ఒక మాట రాద్దామనుకున్నాను. తర్వాత నువ్వు కొలతలు చూసుకుంటానన్నావు కదా అని ఊరుకున్నాను. నీకు తెలియనిది ఉండదు.

అంతా మంచే జరుగుతుంది.

అక్క


రాళ్ల గది,
తొమ్మిదో తారీకు

అక్కా,

గుడ్డ వచ్చింది. విప్పగానే పెద్దసారు చెప్పులు విడిచి నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు, ఆయనే విడిచారు. పచ్చ ముళ్ల మీద నెమ్మదిగా చెయ్యి వేసి నడిచాను. అంత అందంగా ఉంది. ముందు ఇది రాయాలి కాబట్టి రాశాను.

తర్వాత వేలాడదీశాం. తలుపు పక్కన మొదలుపెట్టి, నాలుగు గోడలూ తిప్పుకుంటూ వచ్చి చూస్తే గుడ్డ అయిపోయింది, గోడ మిగిలింది. ఒక మీటరూ ముప్పై అయిదు సెంటీమీటర్లు.

మళ్లీ కొలిచాను. మూడుసార్లు. ప్రతి కుట్టు దగ్గరా అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర లోపలికి పోయింది. నలభై అయిదు కుట్లు. లెక్క వెయ్యడానికి నేను పెద్దగా చదువుకోనక్కర్లేదు, చదువుకున్నందుకు సిగ్గుపడితే చాలు. పదమూడున్నర కోట్ల ఏళ్లు, అక్కా. కుట్టుల్లోకి పోయాయి.

ఇప్పుడు నా గోడ మీద మనుషులు ఏ అంకె పైన నిలబడ్డారో తెలుసా? రాక్షసబల్లులు నడుస్తున్నచోట. మొదటి ప్రాణి పుట్టుక రెండు కోట్ల డెబ్బై లక్షల ఏళ్లు ముందుకొచ్చింది, నల్ల పట్టీ ఇంకెక్కడో ఉంది. మొదటి చేప తోక ఏకంగా కుట్టులో ఇరుక్కుంది. టేపు సారు చూస్తే మెట్ల గురించి ఇచ్చిన నోటీసు ముచ్చటగా అనిపిస్తుంది. తొమ్మిది రోజులుంది, అందుకే ఈ ఉత్తరం రాత్రి బండిలోనే పంపుతున్నాను, జవాబూ బండిలోనే పంపు. కొత్తది కుట్టడం అయ్యేపని కాదు.

మీటరు మీటరు అని నేనే ఊదరగొట్టాను. తప్పు నాది. అది ఒప్పుకుంటున్నాను. కానీ ముప్పై నాలుగేళ్లుగా కుడుతున్నావు. కుట్టు గుడ్డను తింటుందని నీకు తెలియదా? ఆ ఉత్తరంలో రాద్దామని ఊరుకున్న మాట ఏమిటి?

నిజం చెప్పు.


కుట్టు గది,
పదో తారీకు ఉదయం

చిన్నీ,

నిజం చెబుతాను.

నాకు మొదటి రోజే తెలుసు. ఏ రెండు ముక్కలు కలిపినా మధ్యలో గుడ్డ లోపలికి పోతుంది. చొక్కాకు చెయ్యి అతికే ప్రతివాడికీ తెలిసిన సంగతి. నీ కొలతల ఉత్తరం చదివి, వెంటనే "అది కాదే పిచ్చిదానా" అని కాగితం తీశాను. తారీకు కూడా వేశాను. అక్కడ ఆగాను.

ఎందుకంటే నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజున దేవుడి ముందు మాట ఇచ్చాను. ఈసారి దానికి ఒక్క తప్పు కూడా చెప్పను, అది ఎలా అంటే అలాగే చేస్తాను, నా చెల్లెల్ని నాకిచ్చెయ్ అని.

నువ్వు తవ్వనన్నావు. నేను తవ్వుతాను. నీ మొదటి ఉపన్యాసం రోజు. నిండు హాలు. నువ్వు కాగితాల్లోకి వంగి, మెల్లిగా మాట్లాడుతున్నావు. నేను రెండో వరసలోంచి లేచి "గూని పెట్టుకోకు, నిటారుగా నిలబడి గట్టిగా చెప్పు, వినబడట్లేదు" అని అరిచాను. హాలంతా నవ్వింది. నీ మంచికే అనుకున్నాను. వెనక వాళ్లకు వినబడాలని అనుకున్నాను. నా గొంతు మాత్రం అందరికీ బాగానే వినబడింది. నువ్వు కాగితాలు బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయావు. తొమ్మిదేళ్లు వెళ్లిపోయావు.

అందుకని ఈసారి నోరు కుట్టుకున్నాను. కుట్టడం వచ్చు కదా.

ఒక్కో ముక్క కలిపినప్పుడల్లా తెలుస్తూనే ఉంది. మూడు సెంటీమీటర్లు, మూడు సెంటీమీటర్లు. నీ ఇత్తడి అంకెల్లో ఆ లెక్క కలిపే ఉంటావులే, సైన్సు వాళ్లకు ఏదో పద్ధతి ఉండే ఉంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. మాట తప్పడం పాపమనుకున్నాను. చూస్తూ చూస్తూ నీ పని పాడు చేయడం మాత్రం భక్తి అనుకున్నాను. ఇంత వయసొచ్చి ఇంత తెలివి.

బొత్తాలావిడకు ఈ సంగతి చెబితే ఆవిడ సూది పక్కన పెట్టి, "దేవుడు మిమ్మల్ని చూసి తల పట్టుకుని ఉంటాడు" అంది. ఉంటాడు.

గుడ్డను బాగు చేసే దారి ఒకటి ఉంది. కానీ అది చెబితే నీకు తప్పు చెప్పినట్టవుతుంది. నువ్వు అడిగితే చెబుతాను.

అక్క


రాళ్ల గది,
పదకొండు

అక్కా,

నీ ఒట్టు తీసి గట్టున పెట్టు.

ఆ రోజు హాల్లో నువ్వు అన్నది నిజమే, నేను గూని పెట్టుకునే ఉన్నాను. నిజమైనందుకే అంత మండింది. అది ఇంకెప్పుడైనా తీరిగ్గా పోట్లాడుకుందాం. తొమ్మిదేళ్ల సరుకు ఉంది నా దగ్గర.

ఇప్పుడు అడుగుతున్నాను. ఏం చెయ్యాలి? నోరు విప్పు. తిట్టి మరీ చెప్పు.

చిన్ని


కుట్టు గది,
పన్నెండో తారీకు

చిన్నీ,

పొద్దున ప్రార్థనలో మాట వెనక్కి తీసుకుంటానని ఆయనకు చెప్పుకున్నాను. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అననప్పుడల్లా సరేనన్నాడనే ఇంతకాలం తీసుకున్నాను. ఇప్పుడూ అలాగే తీసుకుంటున్నాను.

విను. ఏ కుట్టూ నువ్వు ముట్టుకోకు. నీకు కుట్లు విప్పడం రాదు, లాగుతావు, గుడ్డ చిరుగుతుంది. చిన్నప్పుడు నా పట్టు రవిక అలాగే చించావు. నలభై అయిదు కుట్లూ బ్లేడుతో నేను విప్పుతాను. ముక్కలు మళ్లీ మీటరు మీటరు అవుతాయి. అంచు మీద అంచు పెట్టకుండా, అంచుకు అంచు తాకించి, వెనక రెండు వేళ్ల వెడల్పు పట్టీ వేసి, పైన జిగ్‌జాగ్ కుట్టు వేస్తే ఒక్క దారం గుడ్డ కూడా లోపలికి పోదు. ఇది మొదటే చెప్పి ఉంటే రెండు రోజుల పని. ఇప్పుడు నాలుగు రోజులు.

ఎల్లుండి పొద్దున బండికి మెషిన్‌తో సహా వస్తున్నాను. స్టేషన్‌కు రా. మెషిన్ బరువు, నా నడుము బాగాలేదు. పద్దెనిమిదిన బడివాళ్లు యూనిఫారాల కొలతలివ్వడానికి వస్తారు కాబట్టి పదిహేడు సాయంత్రం వెనక్కి వచ్చేస్తాను. నేల శుభ్రంగా తుడిపించి పెట్టు. తుడిపించానని అంటావు, మూలలు వదిలేస్తావు. మూలలు కూడా.

తూనీగకు రెక్కలు ఎక్కువయ్యాయి. నాలుగే ఉండాలి. నువ్వు ఆరు గీశావు. నేను నాలుగే కుట్టాను.

అక్క


టికెట్ల కిటికీ,
ఇరవై ఒకటో తారీకు

అక్కా,

పైన చోటు పేరు చూసి నీకు విషయం తెలిసిపోయి ఉంటుంది. అయినా వరసగా చెబుతాను.

నువ్వు బండెక్కిన మర్నాడు పది గంటలకు కమిటీ వచ్చింది. గుడ్డ మెరిసిపోతోంది. మనుషులు సరిగ్గా గోడ చివర ఉన్నారు. చేప తోక బయటికొచ్చింది. నాలుగు రోజులు నేల మీద పాక్కుంటూ విప్పినందుకు నా మోకాళ్లు ఇంకా నావి కావు. నువ్వు ఆ నాలుగు రోజుల్లో నాకు చెప్పిన తప్పులు లెక్కపెట్టాను. రెండో రోజు మధ్యాహ్నానికి డెబ్బై దాటాక మానేశాను.

టేపు సారు రాగానే అడిగాడు. "ఎంతుంది?"

"నలభై ఆరు మీటర్లు సార్."

"ఎవరు కొలిచారు?"

"మా అక్క."

"నేను కొలుస్తాను."

కొలిచాడు. ఇద్దరు అటెండర్లు టేపు పట్టుకుంటే, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, గోడ వెంట ఒక్కో అడుగూ నడిచాడు. చివర్లో వంగి చూసి, "ఒక సెంటీమీటరు ఎక్కువుంది" అన్నాడు.

"గుడ్డ సాగింది సార్. పది లక్షల ఏళ్లు. ముందు ముందు అవసరం పడతాయి."

ఆయన నవ్వాడు! మెట్ల మనిషి నవ్వడం ఈ మ్యూజియంలో మొదటిసారి. కమిటీలో ఒకావిడ తెగ వెతికి, "మనం ఎక్కడమ్మా?" అంది. "మీ గోరు కింద ఉన్నాం మేడం" అంటే చటుక్కున చెయ్యి తీసేసింది, ఎవరికైనా దెబ్బ తగిలిందేమో అన్నట్టు. అందరూ చాలా బాగుంది, చాలా బాగుంది అన్నారు. నేను ఉబ్బిపోయి నిలబడ్డాను.

అప్పుడు పెద్దసారు నేల చూస్తూ చెప్పారు. కుర్చీలు వచ్చేశాయట. రెండు వందలు. లారీ బయటే ఉంది. కిందటి నెలే తీర్మానం అయిపోయిందట. ఆయనకూ ఆ పొద్దునే తెలిసింది. ఎవరూ చెప్పలేదు. మన ఇంటి పద్ధతే అందరిదీ అన్నమాట.

ఏడవలేదని రాద్దామనుకున్నాను. ఏడ్చాను. తలుపు పక్కన, మొదటి మీటరు దగ్గర నిలబడి. అక్కడ భూమే కరిగిపోయి ఉంది కాబట్టి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం కుర్చీలు దించుతుంటే టేపు సారు మళ్లీ వచ్చాడు. "ఈ గుడ్డ చుట్టడానికి వీలవుతుందా?" అన్నాడు. అవుతుందన్నాను. "మా ఆవిడ బళ్లో పంతులమ్మ. వాళ్ల మైదానం డెబ్బై మీటర్లుంది. నేనే కొలిచాను" అన్నాడు. ఆయన వెళ్లి పెద్దసారుతో ఏం మాట్లాడాడో తెలియదు. వారానికి రెండు రోజులు నేను గుడ్డ తీసుకుని బళ్లకు వెళ్లొచ్చట. మిగతా రోజులు ఈ కిటికీ. ఇక్కడ కూడా అందరూ మరుగుదొడ్డి ఎటు అనే అడుగుతున్నారు.

నిన్న మొదటి బడికి వెళ్లాను. గాలికి గుడ్డ లేచిపోయింది. ఒక చివర నేను పట్టుకున్నాను. రెండో చివర డ్రిల్లు మాస్టారు పట్టుకున్నారు, పిల్లల్ని అదిలించడానికి రెండుసార్లు వదిలేశారు. రెండుసార్లూ రాక్షసబల్లులు బురదలో పడ్డాయి. మెల్లిగా ఉతికి ఆరేశాను. నిన్ను రమ్మని రాయడం లేదు. ఊరికే, ఉన్న సంగతి చెబుతున్నాను. నలభై ఆరు మీటర్లకు రెండు చివరలు ఉంటాయి. ఒకదాని దగ్గర నేనున్నాను.

చిన్ని


కుట్టు గది,
ఇరవై నాలుగో తారీకు

చిన్నీ,

గది పోయినందుకు రెండు రోజులు దేవుడితో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు నీ ఉత్తరం మళ్లీ చదివాక మాట్లాడాను.

ఉతికావా? ఏ సబ్బుతో? ఎరుపు దిగిందా? నీడలో ఆరేశావా, ఎండలోనా? ఇవన్నీ నువ్వు రాయలేదు. నాకు తెలుసు, ఎండలోనే ఆరేసి ఉంటావు. ఇక మీదట మురికైతే తడిగుడ్డతో అద్దు, ఉతకకు.

యూనిఫారాలు వచ్చే మంగళవారానికి అయిపోతాయి. కొట్టు వారంలో రెండు రోజులు బొత్తాలావిడ చూసుకుంటానంది. "మీరు లేకపోతే నాకూ కాస్త ప్రశాంతం" అంది. ఆవిడ కూడా ఒట్టేమైనా పెట్టుకుని ఉందేమో ఇన్నాళ్లూ, అడగాలి.

బుధవారం పొద్దున బండికి వస్తాను. ఈసారి మెషిన్ లేదు, నువ్వు ఏమీ మోయనక్కర్లేదు.

పిల్లలకు చెప్పేది నువ్వు కాబట్టి ఈ రోజు ఉన్న చివర నువ్వుండు. పురుగులూ చేపలూ బల్లులూ అన్నీ ఆ వైపే. మొదటి చివర నేను పట్టుకుంటాను. అక్కడి నుంచి నేను ఏం అరిచినా నీకు వినబడదు. ఇద్దరికీ క్షేమం. పైగా తొమ్మిది మీటర్ల దాకా అటువైపు ప్రాణమన్నదే లేదు, తప్పు చెప్పడానికి ఎవరూ దొరకరు. ఊరికే నిలబడి, కళ్లు మూసుకుని, గుడ్డ జారకుండా గట్టిగా పట్టుకుని ప్రార్థన చేసుకుంటాను.

అక్క